నాన్న వైద్యం, అమ్మ రెండో డికాషన్

మా నాన్న వెంకటకృష్ణయ్యకి తెనాలిలో కాఫీ పొడి కొట్టు ఉండేది. అయితే తను కొట్టు పెట్టుకున్నవాణ్ణని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. పొడి ఎవడైనా అమ్ముతాడు, దాంతో మంచి కాఫీ చేయించడం మన పని అనేవాడు. ఉత్త మాటలు కూడా కావు. తన పొడి కొన్నవాళ్లలో ఎవరింట్లో కాఫీ కుదరకపోయినా చేతిసంచీ పట్టుకుని బయల్దేరేవాడు. ఆ సంచీలో ఒక ఇత్తడి ఫిల్టరు, సూది, అప్పుడే ఆడించిన పొడి ఒక పొట్లం, సీసా నిండా మా ఇంటి మంచినీళ్లు ఉండేవి. జనం కాఫీ డాక్టరని పేరు పెట్టారు. వెటకారానికే పెట్టారు. నాన్న మాత్రం మొదటిరోజు నుంచీ దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

కొలకలూరులో మా తాతకి మాగాణి ఉంది. అన్నదమ్ములు ముగ్గురూ అరక పట్టుకుంటే, నాన్న ఒక్కడూ 1950లో తెనాలి వచ్చి పొడి ఆడించే మిషనూ, గింజలు వేయించే డ్రమ్మూ కొన్నాడు. వరి పండించే ఇంట్లో పుట్టి మాడిన గింజలమ్ముకుంటున్నాడని తాత పోయేదాకా బాధపడ్డాడు. అలాగని నాన్న పొడి నెలకోసారి కొలకలూరు చేరకపోతే ఊరుకునేవాడు కాదు, మనిషిని పంపేవాడు.

నాన్న వైద్యం చూసి తీరాల్సిందే. బాపట్లలో ఒక ప్లీడరుగారింట్లో తెల్లారి పోసిన నీళ్లు ఎనిమిదింటికి కూడా కిందికి దిగడం లేదని కబురొచ్చింది. కొత్త కోడలు, పాపం, భయంతో ఏడుస్తోంది. నాన్న ఫిల్టరు పై గిన్నె తీసి దీపం ముందు ఎత్తి చూశాడు. అడుగునున్న చిల్లుల్లో సగం పాత మడ్డితో పూడిపోయాయి. మిగతా సగాన్ని ఆ అమ్మాయి మూసేసింది. పొడి మీద పెట్టే గొడుగు బిళ్లని అరచేత్తో బలంకొద్దీ అదిమిపెట్టింది. ఆయన ఆ గిన్నె అడుగుని నిప్పుల మీద కాసేపు పట్టుకుని, మడ్డి బూడిదయ్యాక దులిపి, మిగిలిన చిల్లుల్ని సూదితో తెరిచాడు. పొడిని జోకొట్టాలి గానీ తొక్కకూడదమ్మా అని చెప్పాడు. అరగంటలో డికాషన్ దిగింది. ప్లీడరుగారు ఫీజివ్వబోతే, నాకు రోగి కోలుకుంటే చాలన్నాడట. ఈ మాట ఇంటికొచ్చి మాకు నాలుగుసార్లు చెప్పాడు.

రేపల్లె అవతల నిజాంపట్నం నుంచి పడవలున్న మస్తాన్‌రావు వచ్చేవాడు. పాలూ బాగున్నాయి, పొడీ బాగుంది, కాఫీ మాత్రం చప్పగా, ఏదోలా ఉంటోందని అతని గోడు. నాన్న పొడి మార్చలేదు, సంచీలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చి, రేపు వీటితో చేయించమన్నాడు. రోగం వాళ్ల బావిలో ఉంది. సముద్రం పక్క నీళ్లకి ఆ మాత్రం ఉప్పదనం తప్పదు. తాగీ తాగీ అలవాటైనవాళ్లకి అది తెలియదు. అప్పటినుంచి మస్తాన్‌రావు రేపల్లె వచ్చినప్పుడల్లా కాఫీకని ఒక క్యాను మంచినీళ్లు పట్టుకెళ్లేవాడు, ఏడాదికోసారి మా ఇంటికి పండుగొప్ప చేప తెచ్చి పడేసేవాడు.

కాఫీలో పాలు విరిగిపోతున్నాయని మా వీధివాళ్లు కొండమ్మని తిట్టిపోసేవాళ్లు. కొండమ్మ పొద్దున్నే సంగం జాగర్లమూడి నుంచి రైల్లో పాలు తెచ్చి పోసే మనిషి. నాన్న ఆ తిట్టేవాళ్ల వంటింటి గడప దగ్గర నిలబడి కాఫీ కలిపే ఇత్తడి గిన్నె చూపించమన్నాడు. లోపలి కళాయి పోయి ఏడాదయినట్టుంది, తప్పు ఆ ఇత్తడిది, పాలది కాదు. ఇంకొకరింట్లో పొడి డబ్బా మూత తీయగానే ఇంగువ. ఎవరైనా మిగిలిన డికాషన్ మళ్లీ పొయ్యిమీద పెట్టి మరిగించారో, ఆయన కోపం పట్టలేకపోయేవాడు. దానికంటే శొంఠి కషాయం తాగండి, జ్వరమైనా తగ్గుతుంది అనేవాడు. చల్లారిన డికాషన్‌ని వేడినీళ్ల గిన్నెలో దించాలి గానీ మంట చూపించకూడదన్నది ఆయన శాసనం.

ఇక మా అమ్మ సీతారావమ్మ సంగతి. పొద్దున నాలుగున్నరకి లేచి ఫిల్టరు వేసేది. దిగిన చిక్కటి డికాషన్‌తో నాన్నకి ఒక గ్లాసు, నాయనమ్మకి ఒక గ్లాసు, ఆ వేళకి వచ్చే గింజల వ్యాపారులకి తలో గ్లాసు. అది అయిపోయాక అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసేది. అది రెండో డికాషన్. వంటయ్యాక, పదింటికి, మిగిలిన పాలల్లో అది కలుపుకుని అమ్మ తాగేది. గోధుమరంగు నీళ్లు. పిసినారితనం కాదు, మా ఇంట్లో పొడికి లోటా? అలవాటు. ఆడవాళ్లకి రెండోదే అని ఎవరూ చెప్పనక్కర్లేదు, అన్ని ఇళ్లలోనూ అంతే. నేను కాలేజీలో చేరేదాకా మొదటిదీ రెండోదీ కాదు, మీగడ పాలు తాగాను. అమ్మ గ్లాసులో ఏముందో చూసినా చూడనట్టే పెరిగాను. నా మీద నాకు కోపం వచ్చే విషయాల్లో ఇదొకటి.

1967లో రేపల్లె కేసు వచ్చింది.

చెంచురామయ్యగారు రేపల్లెలో పెద్ద రైతు. నాన్నకి దూరపు చుట్టం, వరసకి బావ. ఆయన మాట మీద రేపల్లెలో ఇరవై ఇళ్లు మా పొడే వాడేవి. మనిషి మంచివాడే, కానీ కాఫీ పొడి డబ్బా తన బీరువాలో పెట్టుకుని తాళం వేసేవాడు. రోజూ పొద్దున్నే తన చేత్తో నాలుగు చెంచాలు కొలిచి వంటింట్లోకి పంపేవాడు. ఆ చైత్రంలో ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. రెండు నెలలుగా కాఫీ పల్చబడింది, ఒకసారి వచ్చి చూడవలసింది అని.

నాన్న వెళ్లాడు. ఫిల్టరూ పొడీ పాలూ వసారాలోకి తెప్పించుకుని తన చేత్తో చేశాడు. అమృతంలా ఉందన్నారు. విజయగర్వంతో తిరిగొచ్చాడు. పది రోజులకి మళ్లీ కార్డు. కాఫీ మళ్లీ పల్చన. రెండోసారి వెళ్లి కొత్త ఫిల్టరు పెట్టాడు, పొడి ఇంకొంచెం మెత్తగా ఆడించి ఇచ్చాడు, నీళ్లు మార్చాడు, అక్కడే చేసి చూపించాడు. మళ్లీ అమృతం. వారం తిరక్కుండా మూడో కార్డు. బావగారు రైలు దిగితే కాఫీ బాగుంటుంది, రైలెక్కగానే పాడవుతుంది అని రాశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. తను వస్తే చేత్తో మంచి పొడి తెస్తాడు, పార్సెల్లో నాసిరకం పంపుతాడు అని రేపల్లె బజార్లో ఎవరితోనో అన్నాడట. ఆ మాట తెనాలి దాకా వచ్చింది.

నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పదిహేడేళ్లుగా గింజలో కల్తీ చెయ్యలేదు, చికోరీ ఎంత కలిపాడో పొట్లం మీద రాసి అమ్మేవాడు. మూడోరోజు కొట్టు ముందు నలుగురిలో నిలబడి, ఈసారి వెళ్లి రోగమేంటో తేల్చకపోతే తిరిగొచ్చి బోర్డు దించేస్తానన్నాడు. మిషను అమ్మేసి కొలకలూరు వెళ్లి అరక దున్నుకుంటానన్నాడు. అన్నాక అనకుండా ఉండాల్సిందని ఆయనకీ అనిపించిందని నాకు తెలుసు. అయినా మా నాన్న నోరు దాటిన మాటని వెనక్కి తీసుకునే రకం కాదు. అమ్మ అంతా విని, తిథి ఏదన్నారు అని మాత్రం అడిగింది. ఎందుకంటే చెంచురామయ్యగారి కోడలు ఆదిలక్ష్మి శ్రీమంతానికి మాకు పిలుపొచ్చింది. నాన్న ఆ రోజే తేలుస్తానన్నాడు. అమ్మా నేనూ కూడా బయల్దేరాం.

రేపల్లె పాసింజరులో నాన్న సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అక్కడ చేరాక ఆయన వసారాలో పరీక్షలు మొదలుపెట్టాడు. పొడి నలిపి చూశాడు, పాలు వాసన చూశాడు, గిన్నెలు తిరగేశాడు. నలుగురు పెద్దమనుషులు కుర్చీలేసుకుని చూస్తున్నారు. చెంచురామయ్యగారు ఈసారి ఒక షరతు పెట్టాడు. బావగారు ఫిల్టరు ముట్టుకోకూడదు. నాలుగు చెంచాలు తానిస్తాడు, లోపల ఎప్పటిలాగే చేస్తారు, నాలుగింటికి కాఫీ వస్తుంది, దాన్ని తాగి రోగం చెప్పాలి. నాన్న సరేనన్నాడు. సరేననక ఏమనగలడు?

అమ్మా నేనూ పెరట్లోకి వెళ్లాం. శ్రీమంతం పేరంటం ముగిసి ఆడవాళ్లు వెళ్లిపోతున్నారు. చెంచురామయ్యగారి భార్య వెంకటరత్నమ్మగారు అమ్మని వంటింటి అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అమ్మ ఒక గుక్క తాగి గ్లాసు దించి లోపలికి చూసింది. మళ్లీ ఒక గుక్క తాగింది. పక్కనే ఆదిలక్ష్మి తొమ్మిదో నెల పొట్టతో పీట మీద కూర్చుని అదే కాఫీ తాగుతోంది. నేను అమ్మ గ్లాసులోకి తొంగి చూశాను. చిక్కగా, మంచి రంగులో ఉంది. పదిహేడేళ్లు కాఫీ డాక్టరింట్లో ఉన్న మనిషి చేతిలో అలాంటి కాఫీ నేను అప్పుడే చూశాను.

వెంకటరత్నమ్మగారు అమ్మ మొహం చూసి గ్రహించింది. తలుపు కొంచెం దగ్గరికి వేసి చెప్పింది.

"పిల్లకి కడుపులో ఏదీ నిలవలేదు వదినగారూ. రెండో డికాషన్ ఇస్తే అదీ కక్కేసింది. ఒకరోజు మొదటిది ఇచ్చి చూశాను, నిలిచింది. అప్పట్నించీ మొదటిది సగం తీసి దీనికి దాచి, మిగతా సగంలో రెండోది కలిపి బయటికి పంపిస్తన్నా. ఇంకో చెంచా పొడి ఇవ్వమంటే ఇన్నాళ్లు సరిపోయింది, ఇప్పుడెందుకు చాలదు అంటారు ఆయన. ఇవాళ మీరొస్తున్నారని ఇంకాస్త తీసుంచా."

వెంకటరత్నమ్మగారు గొంతు తగ్గించి, "మీ ఆయనకి చెబుతారా?" అంది.

చెబితే వచ్చిన చుట్టాల ముందు ఆ అత్తగారూ, నిండు చూలాలైన కోడలూ దొంగలవుతారు. చెప్పకపోతే మా కొట్టు బోర్డు దిగుతుంది. అమ్మ గ్లాసు ఖాళీ చేసి, కడిగి, బోర్లించింది. ఆదిలక్ష్మి తల మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత బయటికొచ్చి నాన్నని నూతి దగ్గరికి పిలిపించింది. ఆయన వచ్చాడు.

"కారణం అడక్కండి. మందు చెబుతా, అది చెప్పండి చాలు," అంది. తర్వాత ఏం అడగాలో, ఏం చెప్పాలో నెమ్మదిగా చెప్పింది. నాన్నకి సగమే అర్థమైంది. ఎప్పుడూ ఎదుటివాళ్లకి చెప్పడమే గానీ ఇంకొకరు చెబితే వినడం ఆయనకి అదే మొదలు.

నాలుగింటికి కాఫీ వచ్చింది. నాన్న తాగాడు. పల్చన. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకుని, "బావగారూ, ఈ ఇంట్లో కాఫీ తాగేవాళ్లు ఎంతమంది?" అని అడిగాడు.

"నలుగురం," అన్నాడు చెంచురామయ్యగారు.

"వంటింట్లో ఎంతమంది?"

ఆయన వాళ్లనెన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. వేళ్లు మడిచి చూసుకున్నాడు, తల్లి, భార్య, ఇద్దరు కోడళ్లు. ఎనిమిది మందికి నలుగురి ఫిల్టరు పెట్టుకుని పొడిని తప్పుపడితే ఎలా అన్నాడు నాన్న. ఒకే పొడి మీద రెండుసార్లు నీళ్లు పోయడమే రోగం, ఆ రెండో డికాషన్ ఎప్పటికైనా మొదటిదాన్ని చెరుపుతుంది అన్నాడు. అది పచ్చి నిజమని ఆయనకప్పుడు తెలియదు! పెద్ద ఫిల్టరు కొనాలి, ఎనిమిది చెంచాలు వెయ్యాలి, ఒక్కసారే నీళ్లు పోసి, దిగినదాన్నే అందరూ తాగాలి, పిప్పి మల్లెపాదుల్లో వెయ్యాలి. ఎనిమిది చెంచాలా అని చెంచురామయ్యగారు నోరు తెరిచాడు. పిండి కొద్దీ రొట్టె అన్నాడు నాన్న.

వాళ్ల ఎదురింటి దగ్గర పెద్ద ఫిల్టరు అడిగి తెచ్చి అప్పటికప్పుడు వేయించారు. ఈసారి నాన్న ముట్టుకోలేదు, వెంకటరత్నమ్మగారే చేసింది. చెంచురామయ్యగారు ఒక గుక్క తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. బజార్లో అన్న మాటకి అందరి ముందూ క్షమించమన్నాడు. మగవాడి నోట వచ్చిన వైద్యం కాబట్టి విన్నాడు, ఇంట్లో ఆవిడ ఇంకో చెంచా అడిగితే వినని మనిషి. ఈ విషయంలో నాకు ఆయన మీద ఇప్పటికీ మంటే.

తిరుగు రైల్లో నాన్న పట్టపగ్గాల్లేకుండా మాట్లాడాడు. ఎదుటి బెంచీలో ఎవరో ముక్కూముఖం తెలియని వాళ్లకి కేసు మొత్తం వర్ణించాడు. వాళ్లు దిగిపోయాక, నీకెలా తెలిసిందే అని అమ్మని అడిగాడు. రేపల్లె దాటాం కదా అని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని అమ్మ చెప్పింది. నాన్న పగలబడి నవ్వాడు. మగాళ్ల కాఫీ చెడిందని మూడుసార్లు తిరిగాం, ఆడాళ్ల కాఫీ బాగుపడిందని కనుక్కోలేకపోయాం అని తొడ చరుచుకున్నాడు.

నాకెందుకో ఆ నవ్వు భరించబుద్ధి కాలేదు. "మనింట్లో ఎంతమంది నాన్నా, కాఫీ తాగేది?" అన్నాను.

"నేనూ, నాయనమ్మా, వచ్చేపోయేవాళ్లూ..." అన్నాడు. అని ఆగిపోయాడు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది ఆయన పని. అమ్మ నావైపు కోపంగా చూసింది. కిటికీలోంచి కోతలైన వరిచేలు పోతున్నాయి, నాన్న అటు చూస్తూ కూర్చున్నాడు. బోర్డు నిలబడిందన్న సంతోషం కూడా ఆ ముఖంలో మిగల్లేదు. నాకు జాలేసింది, మాట జారినందుకు పశ్చాత్తాపం మాత్రం కలగలేదు.

మర్నాడు పొద్దున అమ్మ లేచేసరికి వంటింట్లో నాన్న ఉన్నాడు. ఫిల్టరు వేసి, పాలు కాచి, మీగడ తీసి పక్కన పెట్టాడు. ఊరందరి ఇళ్లలోనూ చేశాడు గానీ సొంత వంటింట్లో ఆ పని చేయడం నేను అప్పుడే చూశాను, పంచదార డబ్బా ఎక్కడుందో ఆయనకి తెలియలేదు. మొదటి డికాషన్‌తో మొదటి గ్లాసు కలిపి అమ్మకి ఇచ్చాడు. నాయనమ్మ మంచం మీంచి నా కాఫీ ఏదిరా అని అరుస్తోంది. ఆగమ్మా అన్నాడు. జీవితంలో తల్లిని ఆయన ఆగమనడం అదే మొదటిసారి.

అమ్మ సిగ్గుపడుతూనే గ్లాసు తీసుకుంది. నాన్న ఎదురుగా నిలబడ్డాడు, రేపల్లెలో పెద్దమనుషుల ముందు కూడా అంత భయపడి ఉండడు. అమ్మ నెమ్మదిగా తాగింది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు గ్లాసుని చేతుల్లో తిప్పింది.

"గింజ వేపుడు ఎక్కువైందండి. చివర్లో మాడు తగులుతోంది," అంది.

నాన్న ఆ గ్లాసు తీసుకుని తానూ తాగాడు. మళ్లీ తాగాడు. ఇరవై ఏళ్లకి దగ్గరపడుతున్న ఆ కొట్టులో, ఆ మాట అన్నవాడు ఒక్కడూ లేడు. తాత అన్న మాడిన గింజల మాట ఆయనకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు.

"ఎప్పట్నించి మాడుతోందే?" అని అడిగాడు.

"నాకేం తెలుసు," అంది అమ్మ. "మొదటిది నిన్నా ఇవాళే గదా తాగింది."

నాన్న అక్కడే పీట మీద కూర్చున్నాడు. ఆ పూట కొట్టు ఆలస్యంగా తీశాడు. ఆ వారం డ్రమ్ములో గింజలు వేయించే రోజున అమ్మని కొట్టుకి తీసుకెళ్లాడు. అప్పటిదాకా ఆవిడ ఆ గడప తొక్కలేదు. అమ్మ కుర్చీలో కూర్చుని, గింజ తీసి కొరికి చూసి, చాలు దించండి అంటే దించారు. తర్వాత పదకొండేళ్లు, 1978లో నాన్న మిషను అమ్మేసేదాకా, మా కొట్టులో వేపుడు అమ్మ నోటిమాట మీదే దిగింది. బోర్డు మీద పేరు మాత్రం ఆయనదే. అమ్మ పేరు కూడా రాయించమని నేనడిగితే, మార్పిద్దాంలే అనేవాడు, మార్పించలేదు.

కానీ వైద్యం మారింది. ఎవరింటికి వెళ్లినా, సంచీలోంచి ఫిల్టరు తీయకముందే నాన్న వంటింటి గుమ్మం దగ్గర నిలబడి లోపలికి ఒక మాట అడిగేవాడు. ముందు చెప్పమ్మా, ఈ కాఫీ నువ్వు తాగావా అని. లేదండి అనేవాళ్లు. అయితే ముందు నువ్వు తాగి చెప్పు, నేను కూర్చుంటా అనేవాడు. కూర్చునేవాడు కూడా.